గోడకు వేలాడే నేత: టేపెస్ట్రీపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఆరు ఒకే మాట గురించి అడిగాయి. వాటన్నింటికీ ఒకే చోట సమాధానం చెబితే ఒకదానికొకటి తోడుగా ఉంటాయని భావించి, ఈ సంచికలో శీర్షికనంతా టేపెస్ట్రీకే కేటాయించాం.

ప్రశ్న: నేను ఒక ఆంగ్ల యాత్రావ్యాసాన్ని తెలుగులోకి అనువదిస్తున్నాను. అందులో 'టేపెస్ట్రీ' అన్న మాట పదేపదే వస్తోంది. ఒకచోట దానికి 'బొమ్మల తెర' అనీ, మరోచోట 'రత్నకంబళి' అనీ, ఇంకోచోట 'బుటాలు కుట్టిన వస్త్రం' అనీ అర్థాలు దొరికాయి. వీటిలో ఏది సరైనది?
(విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి)

సమాధానం: ఈ మూడు అర్థాలూ ఆ మాట చరిత్రలో ఎక్కడో ఒకచోట చెల్లినవే గనుక వాటిని ఇచ్చినవారిని తప్పు పట్టలేం, కానీ మీ అనువాదానికి మూడూ చాలవు. 'బొమ్మల తెర' అంటే దాన్ని ఎక్కడ కడతారో తెలుస్తుంది గానీ ఎలా తయారవుతుందో తెలియదు. 'రత్నకంబళి' నేల మీద పరిచేది. 'బుటాలు కుట్టిన వస్త్రం' అయితే పూర్తిగా వేరే పని, ఎందుకంటే సూది పట్టుకునేసరికే గుడ్డ సిద్ధంగా ఉండాలి. టేపెస్ట్రీలో అలా ముందుగా తయారైన గుడ్డ ఉండదు. బొమ్మ నేస్తూ పోతేనే గుడ్డ పుడుతుంది. బొమ్మలోని ఒక ఆకును విప్పేస్తే అక్కడ గుడ్డ మిగలదు, ఉత్త పడుగు దారాలు, అంటే మగ్గం మీద పొడవునా బిగించిన దారాలు మిగులుతాయి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే తక్కిన తేడాలన్నీ చిక్కు విడిపోతాయి.

మన చీర మగ్గాన్ని తలచుకోండి. పడుగు పొడవునా బిగించి ఉంటుంది; నేతగాడు అడ్డదారాన్ని మోసే నాడెను ఈ అంచు నుంచి ఆ అంచుకు పంపిస్తాడు; పేక అనే ఆ అడ్డదారం గుడ్డ వెడల్పంతా నడిచి తిరిగి వస్తుంది. టేపెస్ట్రీ నేతలో అలా అంచు నుంచి అంచుకు నడిచే పేక ఉండదు. ఒక్కో రంగుకు దారం చుట్టిన ఒక్కో కండె ఉంటుంది, ఆ కండె తన రంగుకు దక్కిన చోటు వరకే వెళ్లి అక్కడే వెనక్కి మళ్లుతుంది. ఎర్ర గులాబీ పక్కన ఆకు ఉందనుకోండి: ఎర్ర దారం గులాబీ గట్టు దాకా వచ్చి తిరిగిపోతుంది, ఆకుపచ్చ దారం అవతలి నుంచి అదే గట్టు దాకా వచ్చి తిరిగిపోతుంది. నేసిన వరుసలను కండె మొనతోనో దువ్వెన వంటి పనిముట్టుతోనో గట్టిగా దట్టిస్తారు కాబట్టి పేక పడుగును పూర్తిగా కప్పేస్తుంది. పూర్తయిన వస్త్రంలో పడుగు కంటికి కనబడదు; సన్నని ఉబ్బు గీతలుగా దాని ఉనికి మాత్రం చేతికి తెలుస్తుంది. మధ్యయుగపు యూరప్ నేతల్లో సాధారణంగా సెంటీమీటరుకు ఐదు నుంచి ఎనిమిది పడుగు దారాలు ఉంటాయి. పడుగుకు రంగు వేయని ఉన్ని, పేకకు రంగుల ఉన్ని, పట్టు వాడేవారు. అడిగినవారి స్తోమతను బట్టి వెండి, బంగారు జరీ కూడా కలిసేది.

రెండు రంగులు ఒక నిలువు గీత దగ్గర ఎదురుపడి, చెరో పక్కకు మళ్లిపోతే ఆ గీత పొడవునా ఒక చీలిక మిగులుతుంది. దాన్ని తరువాత సూదితో కుట్టి మూయవచ్చు. లేదా రెండు దారాలను ఒకదానిలో ఒకటి మెలివేసి మళ్లించవచ్చు. లేదా మధ్యనున్న ఒకే పడుగు దారాన్ని రెండు రంగులూ వంతులవారీగా పంచుకోవచ్చు. చీలికను లోపంగా భావించనక్కర్లేదు. చైనాలో పట్టుతో నేసే 'కెసి' నేతకు ఆ చీలికల వల్లనే 'కోసిన పట్టు' అన్న అర్థం వచ్చే పేరు స్థిరపడింది, ముఖంలోని సన్నని గీతలను ఆ చీలికలతోనే చూపిస్తారు. ఇక రంగు మెల్లమెల్లగా మారవలసిన చోట, అంటే చీర మడతలోని నీడకో చెంప మీది వెలుగుకో, రెండు రంగుల దారాలను దువ్వెన పళ్లలా ఒకదానిలోకి ఒకటి చొప్పిస్తారు. దగ్గరగా చూస్తే గీతలు, దూరం నుంచి చూస్తే నీడ.

ఇలా దారాలు పక్కపక్కన చేరినప్పుడు కంటికి ఏమవుతుందన్నది పెద్ద శాస్త్ర విషయంగా మారింది కూడా. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో 1824 నుంచి అద్దకాల విభాగాన్ని చూసిన షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకు, అక్కడి నల్ల రంగు నిస్తేజంగా ఉంటోందని ఫిర్యాదులు వచ్చాయి. నలుపులో దోషమేమీ లేదనీ, పక్కనున్న రంగు వల్ల కంటికి అలా తోస్తోందనీ ఆయన తేల్చి, 1839లో రంగుల పరస్పర ప్రభావంపై పుస్తకం ప్రచురించారు. తరువాతి తరం చిత్రకారులు ఆ పుస్తకాన్ని శ్రద్ధగా చదివారు.

నేతగాడు చాలాసార్లు వస్త్రం వెనుక వైపు నుంచే పని చేస్తాడన్నది మీ అనువాదంలో ఎదురుకాగల మరో విషయం. పడుగు నేలకు సమాంతరంగా ఉండే మగ్గమైతే, చిత్రకారుడు పూర్తి కొలతలతో గీసిన నమూనాను పడుగు కింద పెడతారు. అందువల్ల నేసిన బొమ్మ అద్దంలోలా కుడిఎడమలు తారుమారై వస్తుంది. పడుగు నిలువుగా ఉండే మగ్గమైతే నమూనా నేతగాడి వీపు వెనుక ఉంటుంది, పడుగు మీద సిరాతో గుర్తులు పెట్టుకుంటాడు, అవతలి వైపు ఉంచిన అద్దంలో తన పనిని సరిచూసుకుంటాడు. యూరప్‌లో పెద్ద నేతలను సాధారణంగా బొమ్మను పక్కకు పడుకోబెట్టి నేసేవారు. గోడకు వేలాడదీసినప్పుడు పడుగు అడ్డంగా, పేక నిలువుగా ఉంటాయి, వస్త్రం బరువంతా పేక మీదా కుట్టి మూసిన చీలికల మీదా పడుతుంది. వందల ఏళ్ల నాటి నేతలు ఎక్కడ సాగిపోతాయో, ఎక్కడ విడిపోతాయో దీన్నిబట్టే ఊహించవచ్చు.

మాట సంగతి. గ్రీకులో పరుపు మీదో నేల మీదో పరిచే మందపాటి వస్త్రానికి 'తపేస్' అని పేరు. అది లాటిన్ మీదుగా ఫ్రెంచిలో 'తాపీ' అయి, దాని నుంచి 'తాపిస్రీ', అక్కడి నుంచి ఆంగ్లరూపం వచ్చాయి. 'రత్నకంబళి' అన్న అర్థం ఈ మూలం వైపు నుంచి వచ్చినదే. ఇటాలియన్లు మాత్రం ఈ నేతకు ప్రసిద్ధమైన ఆరాస్ పట్టణం పేరు మీద దాన్ని 'అరాట్సో' అంటారు. తెలుగులో వస్త్రాన్ని చెప్పేటప్పుడు 'నేత చిత్రం' అనీ, పద్ధతిని చెప్పేటప్పుడు 'టేపెస్ట్రీ నేత' అనీ రాస్తే స్పష్టంగా ఉంటుందని నా అభిప్రాయం. 'కలనేత' అని మాత్రం రాయకండి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి రెండూ కలిసి మెరిసేలా నేయడం కలనేత. టేపెస్ట్రీలో పడుగు కనిపించనే కనిపించదు.

ప్రశ్న: ప్రపంచంలోకెల్లా ప్రసిద్ధమైన టేపెస్ట్రీ ఫ్రాన్స్‌లోని బాయో పట్టణంలో ఉందని మా పాఠంలో చదివాం. అది అసలు టేపెస్ట్రీయే కాదని మా మేడమ్ అన్నారు. ఏది నిజం?
(బి.ఏ. చరిత్ర విద్యార్థిని, వరంగల్లు)

సమాధానం: మీ మేడమ్ చెప్పినదే నిజం. 1066లో నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండును జయించిన కథను చూపే ఆ వస్త్రం దాదాపు 70 మీటర్ల పొడవు, అర మీటరు ఎత్తు ఉంటుంది. తొమ్మిది నారబట్ట ముక్కలను జతచేసి, వాటి మీద రంగు ఉన్ని దారాలతో కుట్టిన పని అది. మనుషులకూ గుర్రాలకూ నావలకూ మధ్య ఎక్కడ చూసినా ఖాళీ నారబట్ట కనిపిస్తూనే ఉంటుంది. కుట్టు విప్పేసినా ఆ బట్ట చెక్కుచెదరదు. గోడకు కట్టే బొమ్మల బట్టలన్నిటినీ ఒకే మాటతో పిలిచిన రోజులలో ఆ పేరు వచ్చి, మారకుండా ఉండిపోయింది. పరీక్షలో పేరు 'బాయో టేపెస్ట్రీ' అనే రాయండి, అయితే అది కుట్టుపని అని ఒక వాక్యం చేర్చండి.

ప్రశ్న: మా తాతల కాలం నుంచి మాది మగ్గం ఇల్లు. ఇలా పేకను మధ్యలో మళ్లించి నేసే పని మన దేశంలో, ముఖ్యంగా మన ప్రాంతాల్లో ఉందా? జాందానీని టేపెస్ట్రీ అనవచ్చా?
(ఒక పాఠకురాలు, గద్వాల)

సమాధానం: మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఉప్పాడ జాందానీలో బుటా వేసే దారం తన బుటా వరకే తిరిగి ఆగిపోతుంది, అంతవరకు అది టేపెస్ట్రీకి బంధువే. కానీ దానితో పాటు చీర అసలు పేక అంచు నుంచి అంచుకు నడుస్తూనే ఉంటుంది. బుటా దారం ఆ నేతకు అదనంగా చేరినది. బుటాలన్నీ లాగేసినా పల్చటి చీర మిగులుతుంది. టేపెస్ట్రీలో అదనపు పేక అంటూ లేదు, ఉన్న పేకే బొమ్మ. అందుచేత జాందానీని టేపెస్ట్రీ అనడం సరికాదు. టేపెస్ట్రీ కాదన్నంత మాత్రాన జాందానీ గౌరవం తగ్గదు. రెండింటి కష్టమూ రెండు తీరులు.

మీ ఊరి నేతలోనే ఇంతకంటే దగ్గరి పోలిక ఉంది. గద్వాల చీరలో ఒంటికి నూలు, అంచులకు పట్టు. ఒంటి పేకను అంచులోకి పోనివ్వకుండా, మూడు నాడెలతో, ఒంటి పేకనూ అంచు పేకనూ కలిసే గీత దగ్గర ఒకదానిలో ఒకటి మెలివేసి ఎవరి చోటుకు వారిని తిప్పి పంపే కుప్పడం పని మీకు నేను చెప్పవలసినది కాదు. రెండు రంగుల గట్టు దగ్గర టేపెస్ట్రీ నేతగాడు చేసేది సరిగ్గా అదే. తేడా ఏమిటంటే కుప్పడంలో ఆ గట్టు చీర పొడవునా తిన్నగా నడుస్తుంది, టేపెస్ట్రీలో బొమ్మ ఎటు వంపు తిరిగితే అటు గట్టు కూడా వరుస వరుసకూ జరుగుతుంది. పైగా కుప్పడంలో పడుగు కూడా కనిపిస్తుంది.

పూర్తి టేపెస్ట్రీ పద్ధతి చూడాలంటే గోదావరి వెంట పైకి వెళ్లాలి. శాతవాహనుల రాజధాని ప్రతిష్ఠానమే నేటి పైఠణ్. అది ఉన్న మరాఠ్వాడా నిజాం రాజ్యంలో భాగంగా చాలాకాలం హైదరాబాదు ఏలుబడిలోనే ఉంది. పైఠణీ చీర పైట చెంగును చూడండి. జరీ నేల మీద నెమలి, చిలుక, తామర రంగురంగుల పట్టుతో మెరుస్తుంటాయి, చెంగు తిప్పి చూసినా బొమ్మ అంతే శుభ్రంగా ఉంటుంది. వెనుక తేలిన దారాలు ఉండవు, ఎందుకంటే ఏ దారమూ తన చోటు దాటి పోదు. నెమలి ఉన్న చోట జరీ పేక లేదు, నెమలి పట్టే అక్కడి గుడ్డ. చిన్న చిన్న కండెలు పదుల సంఖ్యలో పడుగు మీద వరుసగా వేలాడుతుంటే, నేతగాడు ఒక్కో వరుసకు వాటిని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని పోనిస్తాడు. కాశ్మీరు 'కానీ' శాలువా కూడా ఈ పద్ధతిదే, కాకపోతే అక్కడ నేత సాదా అల్లిక కాదు, ఏటవాలు గీతలు పడే అల్లిక. 'కానీ' అంటే ఆ నేతలో వాడే చిన్న కర్ర కండె. ఏ వరుసలో ఏ రంగు ఎన్ని పడుగు దారాలు దాటాలో సంకేతాలతో రాసిన 'తాలీం' అనే పత్రాన్ని చూసుకుంటూ నేస్తారు, అంటే ఆ నేతగాడి ముందు బొమ్మ ఉండదు, బొమ్మ రాసిన అక్షరాలు ఉంటాయి.

ఇక అందరి ఇళ్లలో ఉండీ ఎవరూ తలచుకోనిది జంపఖానా. పెళ్లి పందిట్లో, భజన మందిరంలో మనం కూర్చున్న జంపఖానాలో పేక పడుగును పూర్తిగా కప్పేసి ఉంటుంది. టేపెస్ట్రీకి ఉండవలసిన సగం లక్షణం అది. కేవలం చారలున్న జంపఖానాలో పేక అంచు నుంచి అంచుకే పోతుంది కాబట్టి అది అక్కడితో ఆగుతుంది. కానీ పలకలు, మెట్లు, పూల ఆకారాలు ఉన్నవాటిలో ఒక్కో రంగు తన చోట మళ్లుతుంది, వరుసలను 'పంజా' అనే ఇనుప పళ్ల పనిముట్టుతో దట్టిస్తారు, అలాంటివి నిస్సందేహంగా టేపెస్ట్రీ నేతే. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్లు జంపఖానాలను ఈ దృష్టితో మరోసారి చూడమని మా పాఠకులందరినీ కోరుతున్నాను. ఏలూరు తివాచీలు వీటికి భిన్నం. వాటిలో ప్రతి ముడీ విడిగా వేసి కత్తిరించడం వల్ల పైన నూగు నిలుస్తుంది, టేపెస్ట్రీకి నూగు ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు పారిస్‌లోని క్లూనీ మ్యూజియంలో ఒక స్త్రీ, సింహం, ఒంటికొమ్ము గుర్రం ఉన్న ఆరు పెద్ద నేత చిత్రాలు చూశాం. ఆశ్చర్యంతో పాటు ఒక సందేహం కూడా కలిగింది. గోడ మీదే రంగులతో బొమ్మ వేయించుకుంటే తేలికగా, చవకగా అయిపోయేది కదా, ఆనాటి ప్రభువులు ఇంత శ్రమతో ఎందుకు నేయించుకున్నారు?
(విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం)

సమాధానం: గోడ కదలదు, ప్రభువు కదులుతాడు. ఆనాటి యూరప్ రాజులూ ప్రభువులూ ఒక కోటలో ఏడాది పొడవునా ఉండేవారు కాదు. పరివారంతో, సామగ్రితో కోట నుంచి కోటకు తిరుగుతుండేవారు. వెళ్లిన చోటల్లా ఎదురయ్యేది చలికి మంచులా చల్లబడే వట్టి రాతిగోడ. నేత చిత్రాలను చుట్టి బండ్లకెక్కించి, అక్కడ కొక్కేలకు వేలాడదీస్తే గంటల్లో ఆ రాతిగది వెచ్చగా, నిశ్శబ్దంగా, యజమాని వైభవం చాటేదిగా మారిపోయేది. మందపాటి ఉన్ని గాలి చొరబాటును ఆపుతుంది, మాటల ప్రతిధ్వనిని మింగుతుంది. తలుపు ముందు కడితే తలుపు తెర, హాలు మధ్యలో కడితే అడ్డుగోడ. మంచం పందిరి, మంచం మీది కప్పు, దిండ్లు, గోడల తెరలు అన్నీ ఒకే చిత్ర వరుసతో నేయించి ఆ మొత్తాన్ని ఒక 'గది' అని పిలిచి కొనుక్కునేవారు. ఇలాంటి గదిని వెంట తీసుకుపోవచ్చు.

యుద్ధానికి కూడా తీసుకుపోయేవారు. 1476లో గ్రాన్‌సన్ దగ్గర స్విస్ సేనల చేతిలో ఓడి పారిపోయిన బర్గండీ ప్రభువు చార్లెస్ తన విడిదిలో విడిచిన సొత్తులో, నిండా పూలు పరచినట్లున్న నేల మీద బర్గండీ రాజచిహ్నాలు నేసిన తెర ఉంది. అది నేటికీ బెర్న్ నగరంలోని చరిత్ర మ్యూజియంలో ఉంది. ఇలాంటి అవసరాన్నే మన వైపు వేడి దేశానికి తగ్గట్టు నూలుబట్ట తీర్చింది. 17వ శతాబ్దంలో మొగలు చక్రవర్తి ప్రయాణాల్లో వేసే డేరాలకు లోపలి వైపు మచిలీపట్నం అద్దకం బట్టలు కట్టేవారని, వాటి మీది పూల వల్ల తోట మధ్య ఉన్నట్లు తోచేదని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే రాశాడు. కళాకారుల చేయి వేరు, బట్ట వేరు, ప్రయాణించే దర్బారు అవసరం ఒకటే.

'చవక' అన్నారు. ఖర్చు ఎక్కువ కావడమే దాని గొప్పతనంగా చెల్లింది. ఒక చదరపు మీటరు మేలురకం నేతకు నెలలు పడుతుంది. ఒకే వస్త్రం ముందు నలుగురైదుగురు పక్కపక్కన కూర్చుని నేసేవారు. పోప్ పదవ లియో రోమ్‌లోని సిస్టీన్ ప్రార్థనా మందిరం కోసం 1515లో రఫేల్ చేత నమూనాలు గీయించి, బ్రస్సెల్స్‌లో పీటర్ వాన్ ఆల్స్ట్ నేతశాలలో నేయించినప్పుడు, నేతకయిన ఖర్చు చిత్రకారుడికిచ్చిన దానికి పదింతలు దాటింది. పైకప్పు మీద మైకెలాంజెలో చిత్రాలు ఉండగా కింది గోడలకు వీటిని తగిలించారు. 1519 డిసెంబరు నాటికి ఏడు సిద్ధమై అక్కడ వేలాడాయి. 1527లో రోమ్ దోపిడీలో అవి పోయి, తరువాత తిరిగి చేరాయి. రఫేల్ మరణించి 500 ఏళ్లు అయిన సందర్భంగా 2020 ఫిబ్రవరిలో ఒక వారం పాటు వాటిని మళ్లీ అసలు స్థానంలో చూపించారు. నమూనా కాగితాలలో ఏడు నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ కాగితాల్లోనూ నేతల్లోనూ కుడిఎడమలు తారుమారై ఉండడానికి కారణం పైన తెనాలి పాఠకురాలికి చెప్పినదే.

ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ చనిపోయేనాటికి ఆయన భవనాలలో రెండు వేలకు పైగా నేత చిత్రాలు ఉన్నట్లు జాబితాలు చెబుతున్నాయి. ఫ్రాన్స్‌లో పద్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ 1662లో పారిస్‌లోని నేతశాలలను గోబెలిన్ అనే అద్దకపు కుటుంబం ఒకప్పుడు పనిచేసిన స్థలంలో ఒకచోట చేర్చి, చిత్రకారుడు లెబ్రన్‌ను వాటి మీద నియమించాడు. రాజు విజయాలను నేసి గోడలకెక్కించడం, పరదేశ ప్రభువులకు కానుకలుగా పంపడం రాజ్యవ్యవహారంలో భాగమైపోయింది. ఆ నేతశాల ఇప్పటికీ పని చేస్తోంది.

మీరు చూసిన ఆరు చిత్రాల దగ్గరికి వద్దాం. అవి సుమారు 1500 నాటివి. ఐదింటిలో స్పర్శ, రుచి, వాసన, వినికిడి, చూపు అనే ఐదు ఇంద్రియాలు ఉన్నాయి. ఆరోదానిలో గుడారం మీద 'నా ఏకైక కోరికకు' అన్న అర్థం వచ్చే ఫ్రెంచి మాటలున్నాయి, ఆ మాటల ఉద్దేశంపై పండితులు ఇప్పటికీ ఏకీభవించలేదు. 1841లో చరిత్ర కట్టడాల అధికారిగా తిరుగుతున్న మెరిమే అనే రచయిత వాటిని బూసాక్ కోటలో చూసేనాటికి తేమకూ ఎలుకలకూ పాడైపోతున్నాయి. 1882లో మ్యూజియం వాటిని కొన్నది. ఆ ఆరింటినీ తలచుకున్నప్పుడల్లా నాకు పూల మధ్య కూర్చున్న కుందేళ్లే ముందు గుర్తుకొస్తాయి. అంత పెద్ద తెరలో, కథతో పని లేని ఆ చిన్న జంతువుల మీద కూడా నేతగాడు తన శ్రద్ధ తగ్గించలేదు.

ఇంత ప్రేమగా నేసినవాటికి తరువాతి కాలంలో పట్టిన గతి చదివితే బాధ కలుగుతుంది. ఆంజూ ప్రభువు మొదటి లూయీ 1370లలో నేయించడం మొదలుపెట్టిన బైబిలు ప్రళయ కథా చిత్రాల వరుస మొదట దాదాపు 140 మీటర్ల పొడవు ఉండేది. ఫ్రెంచి విప్లవం రోజులలో దాన్ని కోసి ముక్కలు చేసి, మంచు పడకుండా నారింజ చెట్లకు కప్పారు, గుర్రపుశాలల్లో వాడారు. 19వ శతాబ్దం మధ్యలో జూబేర్ అనే మతాచార్యుడు ముక్క ముక్కా ఏరి కూర్చడం వల్ల సుమారు 100 మీటర్లు ఆంజేర్ కోటలో నేడు కనిపిస్తున్నాయి. న్యూయార్క్‌లో ఉన్న మరో ఒంటికొమ్ము గుర్రం వరుసతో ఒకప్పుడు రైతులు బంగాళాదుంపలు గడ్డకట్టకుండా కప్పుకున్నారు. 1797లో అప్పటి ఫ్రెంచి ప్రభుత్వం, రాజుల సొత్తులో జరీ ఎక్కువగా ఉన్న నేతలను ఏరి, లోహం కోసం కాల్చివేసింది. పాత పట్టుచీరలను వెండి కోసం జరీ కొనేవారికి తూకానికి అమ్మిన ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి గనుక, ఆ నష్టం ఎలాంటిదో మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: నేటి భవనాలలో టేపెస్ట్రీకి అలంకారం తప్ప మరేదైనా ఉపయోగం ఉందా?
(ఆర్కిటెక్చర్ విద్యార్థి, హైదరాబాదు)

సమాధానం: ఉంది. మన దేశంలోనే మంచి ఉదాహరణ చండీగఢ్ హైకోర్టు. ఎత్తయిన కాంక్రీటు గదుల్లో మాట మారుమోగి వాదనలు వినబడవు కనుక, ఆ భవనాన్ని రూపొందించిన వాస్తుశిల్పి లె కార్బూజియే న్యాయమూర్తుల ఆసనాల వెనుక గోడలకు పెద్ద ఉన్ని నేతలను రూపొందించాడు. మొత్తం తొమ్మిది: ఎనిమిది ఒక్కొక్కటి 64 చదరపు మీటర్లు, ప్రధాన న్యాయమూర్తి గదిలోనిది 144 చదరపు మీటర్లు. వాటిని కాశ్మీరులో నేయించారు. టేపెస్ట్రీని ఆయన 'సంచార కుడ్యచిత్రం' అనేవాడు. ఇల్లు మారేవాడు తన గోడను చుట్టుకుని పోవచ్చునన్నది ఆయన భావం. బర్గండీ ప్రభువు అవసరం అద్దె ఇళ్లవారి అవసరంగా మారిందన్నమాట.

ఇంగ్లండులోని కొవెంట్రీ ప్రార్థనాలయంలో గ్రేయమ్ సదర్లండ్ రూపొందించగా 1962లో బలిపీఠం వెనుక గోడకెక్కిన క్రీస్తు చిత్రం దాదాపు 23 మీటర్ల ఎత్తు, 12 మీటర్ల వెడల్పు ఉంటుంది; దాన్ని ఫ్రాన్స్‌లో టేపెస్ట్రీ నేతకు పేరుపడ్డ ఓబూసోన్ పట్టణం పక్కనున్న ఫెల్టాన్‌లో ఒకే ముక్కగా నేశారు. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి గది బయట ఉన్న 'గెర్నికా' కూడా పికాసో చిత్రం కాదు, దాన్ని చూసి 1955లో నేసిన టేపెస్ట్రీ. నలుపు తెలుపుల చిత్రాన్ని అందులో గోధుమ ఛాయలలోకి మార్చారు. నేతగాడు చిత్రాన్ని నకలు చేయడు, దారంలోకి అనువదిస్తాడు. మీరు నమూనాలు గీస్తే ఈ సంగతిని గుర్తుంచుకుని, తక్కువ రంగులతో, స్పష్టమైన గట్లతో గీయండి. 20వ శతాబ్దంలో ఓబూసోన్ నేతకు తిరిగి ఊపిరి పోసిన ఫ్రెంచి చిత్రకారుడు జాన్ లుర్సా చేసినది కూడా అదే. వేల ఛాయలతో తైలవర్ణ చిత్రాలను అనుకరించే అలవాటు మాన్పించి, లెక్కపెట్టదగిన రంగులకు అంకెలు వేసి నమూనా ఇచ్చాడు.

ప్రశ్న: నేను ఆన్‌లైన్‌లో 'టేపెస్ట్రీ' అని కొన్నది చూస్తే దుప్పటిలా పల్చగా ఉంది. ఇది నిజమైనదేనా? మా అత్తయ్యగారు కాశ్మీరు నుంచి తెచ్చిన ఉన్ని నేత చిత్రం కూడా ఒకటి ఇంట్లో ఉంది. రెండింటినీ ఎలా చూసుకోవాలి?
(ఒక పాఠకురాలు, డాలస్)

సమాధానం: మొదటిది అచ్చు వేసిన బట్ట. అమెరికాలో విద్యార్థుల గదుల గోడలకు కట్టుకునే అచ్చుబట్టలన్నిటినీ ఇప్పుడు ఈ పేరుతోనే అమ్ముతున్నారు. మన దేశం నుంచి వెళ్లే అచ్చు దుప్పట్లు కూడా అందులో ఉన్నాయి. అందంగా ఉంటే సంతోషంగా కట్టుకోండి, నేత చిత్రం ధర మాత్రం ఇవ్వకండి. గుర్తుపట్టడానికి తిప్పి చూడడం ఒక్కటే చాలు. అచ్చుబట్ట వెనుక వైపు వెలిసినట్లు ఉంటుంది. జకార్డు యంత్రం మీద నేసిన సోఫా బట్టను కూడా టేపెస్ట్రీ అంటారు. దాని వెనుక, ఇటు అక్కరలేని రంగులన్నీ చారలుగా నడుస్తూ కనిపిస్తాయి. చేతినేత టేపెస్ట్రీ వెనుక కూడా బొమ్మే ఉంటుంది, దారాల కొసలు మాత్రం అక్కడక్కడ వేలాడుతుంటాయి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, రంగు మారే నిలువు గట్ల దగ్గర చీలికలో కుట్లో కనబడవచ్చు.

మీ అత్తయ్యగారిది ఉన్ని గనుక దానికి మొదటి శత్రువు వెలుతురు. పాత యూరప్ నేతలలో గడ్డీ ఆకులూ నీలంగా కనిపిస్తాయి, నేతగాళ్లు నీలి గడ్డి నేశారని కాదు. ఆకుపచ్చ కోసం నీలం మీద వేసిన మొక్కల పసుపు ఎండకు వెలిసిపోయి, అడుగునున్న నీలం మిగిలింది. కనుక కిటికీకి ఎదురు గోడ మీద, పొయ్యికీ హీటరుకూ దగ్గరలో వద్దు. మేకులు కొట్టకండి. పై అంచు పొడవునా వెనుక వైపు గట్టి నూలు పట్టీ కుట్టించి, దానికి వెల్క్రో అతికించి, గోడకు బిగించిన చెక్క మీద నొక్కితే బరువు అంతటా సమానంగా పడుతుంది. ఉతకవద్దు, డ్రైక్లీనింగుకు ఇవ్వవద్దు. వాక్యూమ్ మూతికి సన్నని వల గుడ్డ కట్టి, తక్కువ శక్తితో, రెండు వైపులా దుమ్ము తీస్తే చాలు. ఉన్నిని తినే చిమ్మటలు కదలని చీకటి చోట గుడ్లు పెడతాయి కాబట్టి కొన్ని నెలలకోసారి గోడ నుంచి దించి వెనుక వైపు చూడండి. దాచవలసి వస్తే మడత పెట్టకండి. మడత పడిన చోటే దారం తెగుతుంది. ఉతికిన నూలుబట్ట చుట్టిన గొట్టం మీద, బొమ్మ పైకి కనిపించేలా, పడుగు దారాలు నడిచే దిశలో చుట్టి, పైన మరో నూలుబట్ట కప్పి, నేలకు ఆనకుండా ఉంచండి.